మేనమామ ఒడి

ఈ కథలో ముందుది వెనక, వెనకది ముందు చెబుతానేమో, సర్దుకుని చదవండి. అనకాపల్లిలో సన్యాసిరావు అనే కిరాయి హంతకుడు ఉండేవాడు. ఇల్లు వేరు, పని వేరు, రెండూ ఒకదానికొకటి తగలకుండా బతికేయవచ్చని అతని ధీమా.

ఇంట్లో అతను మంచివాడే. లారీల బేరాలు చూసే ఉద్యోగమని భార్య నూకరత్నాన్ని నమ్మించాడు. ఊళ్లు తిరిగొచ్చేటప్పుడు ఐదేళ్ల కూతురు హిమజకు జీళ్లు తెచ్చేవాడు. ఓపిగ్గా కూర్చుని జడలు వేసేవాడు. పనిలో అతనికి ఒకటే నియమం. చంపవలసిన మనిషి ఫోటో చూసేవాడు, పేరు మాత్రం అడిగేవాడు కాదు. పేరు తెలిస్తే చెయ్యి వణుకుతుందనేవాడు.

ఒకసారి ఒక కాంట్రాక్టరు అతనికి ఫోటో చూపించాడు.

"దర్జీ. కోర్టులో నా మీద సాక్ష్యం చెప్పబోతున్నాడు. వాడి పేరు..."

"పేరొద్దు. కొట్టెక్కడో చెప్పండి," అన్నాడు సన్యాసిరావు.

కొట్టుకు ఎదురుగా టీ తాగుతూ దర్జీ రాకపోకలు కనిపెట్టాడు. ఆదివారం సాయంత్రం పని ముగించాలనుకున్నాడు.

ఆ ఉదయమే హిమజకు చెవులు కుట్టించాలని నూకరత్నం ముహూర్తం పెట్టించింది. బిడ్డ మేనమామ ఒడిలో కూర్చోవాలి. ఆమెకేమో తోడబుట్టినవాళ్లు లేరు.

"ధర్మారావు అన్నయ్యను పిలిచాను. పాపకు గౌన్లు కుట్టేది ఆయనే. ఎన్నిసార్లు చెప్పాను, మీరు వింటేగా," అంది.

"నీకు అన్నయ్యంటే నాకు బావేగా, రానీ," అని నవ్వి అతను అరిటాకులకు బజారు వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి ఫోటోలోని మనిషి తన ఇంట్లో పీట మీద కూర్చుని ఉన్నాడు. అతని ఒడిలో హిమజ ఉంది.

"రండి బావగారూ," అన్నాడు ధర్మారావు. "నాన్న వస్తేగాని కుట్టనివ్వనంటోంది. ఈ మొండితనం మీ పోలికేనట, చెల్లెమ్మ చెప్పింది."

కంసాలి చెవి కుట్టాడు. పాప కెవ్వుమంది. ధర్మారావు ఆమె నోట్లో బెల్లం ముక్క పెట్టి, తలను గుండెకు అదుముకున్నాడు. అతని కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. సన్యాసిరావు అరిటాకుల కట్ట దించకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఇన్నాళ్లూ తను పేరడగని మనుషుల ఒడిలో కూడా ఎవరో ఒక బిడ్డ కూర్చునే ఉంటుందని అప్పుడు తట్టింది.

"సూది దానికి గుచ్చితే మీరిలా అయిపోయారేంటి?" అని నవ్వింది నూకరత్నం.

భోజనాలయ్యాక అతను ధర్మారావును పెరట్లోకి తీసుకెళ్లాడు.

"బావా, నిన్ను చంపమని పంపింది నన్నే."

ధర్మారావు గోడ పట్టుకున్నాడు. "చెల్లెమ్మకు తెలుసా?" అన్నాడు.

"తెలీదు."

"నువ్వు వదిలేస్తే వాళ్లు ఇంకొకణ్ణి పంపుతారు. ముందు ఆమెకు చెప్పు. తర్వాత పోలీసుల దగ్గరికి పద, నేనూ వస్తాను."

కత్తి పట్టినప్పుడు తడబడని మనిషి తడబడుతూ భార్యకు అంతా చెప్పాడు. నూకరత్నం అరవలేదు. పాపను దగ్గరికి లాక్కుని, "ఈ చేతులతోనేనా దీనికి జడలు వేశావు?" అంది. మళ్లీ అతనితో మాట్లాడలేదు.

సన్యాసిరావు లొంగిపోయి చేసినవన్నీ ఒప్పుకున్నాడు. కాంట్రాక్టరునూ పట్టుకున్నారు. సన్యాసిరావుకు యావజ్జీవ శిక్ష పడింది. పాపను జైలుకు తీసుకొచ్చి చూపించేది ధర్మారావే.

"అమ్మ గేటు దగ్గరే ఉంది. లోపలికి రానంది," అనేది పాప.

అంతదూరమైనా వచ్చిందన్న ఆ మాట కోసమే అతను నెలంతా ఎదురుచూసేవాడు.

పేర్లు తప్పు రాశానేమో, మా చెల్లెలు భానుమతి ఒకసారి సరిచూడాలి. నీతి మాత్రం నాకు బాగా గుర్తుంది: పేరు అడగనంత మాత్రాన ఏ మనిషీ ఎవరికీ కానివాడైపోడు, ఇంకొకరి ఇల్లు కూల్చి తన ఇల్లు నిలబెట్టుకోవడం ఎవరివల్లా కాదు.