నిప్పుకొండ పొదిగిన గుడ్లు

అనగనగా సముద్రం నడిమధ్యన ఒక దీవి. ఆ దీవి నిండా అడవి. అడవి మధ్యలో ఒక నిప్పుకొండ. అగ్నిపర్వతం అని పాఠంలో చదువుకున్నారే, అదే.

ఆ కొండ వాలులో మట్టికోళ్లు అనే పక్షులు ఉండేవి. అవి మన ఇళ్లలో కోళ్లలా గుడ్ల మీద కూర్చోవు పిల్లలూ. కొండ పక్కన నల్ల ఇసుక ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. అందులో లోతుగా గొయ్యి తీసి గుడ్డు పాతేస్తాయి. ఆ వేడికే గుడ్డు పొదిగి, పిల్ల తనంతట తానే ఇసుక తోసుకుని పైకి వస్తుంది. అందుకే ఆ కొండను అవి 'అమ్మమ్మ' అని పిలుచుకునేవి. వాటికి ఒక కట్టుబాటు ఉండేది. పాతిన గుడ్డును తవ్వి చూడకూడదు. చూస్తే అమ్మమ్మను అనుమానించినట్టే.

ఒక ఏడాది నల్లమ్మ అనే మట్టికోడి గుడ్డు పాతిపెట్టిన కొన్ని వారాలకు ఒడ్డుకు వచ్చింది. అక్కడ సంద్రమ్మ అనే ముసలి తాబేలు ఎదురైంది. ఏటా వచ్చి ఆ ఒడ్డునే గుడ్లు పెట్టే సంద్రమ్మ, ఈసారి పెట్టకుండానే నీళ్లవైపు తిరిగింది.

"ఏం అత్తా, వచ్చినదానివి వచ్చినట్టే పోతున్నావేం?" అంది నల్లమ్మ.

"ఇసుక కాలిపోతోందే తల్లీ! నా పొట్ట చూడు, ఎలా కందిపోయిందో. మీరూ ఈ దీవి వదిలి వెళ్లిపోండి."

నల్లమ్మ నవ్వింది. "అమ్మమ్మకు ఈ ఏడు మామీద ప్రేమ ఎక్కువైందిలే. ఒకవేళ పొంగినా, పక్కకు జరిగి నిలబడతాం."

"కొండలన్నీ ఒక్కలాంటివి కావే," అంది సంద్రమ్మ. "ఒక కొండ జావ పొంగినట్టు పొంగి మెల్లగా పారుతుంది. దాని నుంచి నాలాంటిది కూడా తప్పించుకుంటుంది. ఇంకొకటి రోజూ రాళ్లు ఉమ్ముతుంది. దూరంగా ఉంటే చాలు. మూడో రకం ఉంది. అది మూతి బిగించుకుని కూర్చుంటుంది. అది పగిలితే పక్కకు జరగడానికి పక్క అంటూ ఉండదు. మీ అమ్మమ్మ పొగ వదిలి ఎన్నాళ్లయింది?"

నల్లమ్మ కొండవైపు చూసింది. వానలు ఆగినప్పటి నుంచి పొగ లేదు. ఇక నవ్వు రాలేదు దానికి. పరుగున పెద్దకోడి బొట్టయ్య దగ్గరకు వెళ్లింది.

"ఊటనీళ్లు సలసలా కాగుతున్నాయి, పెదనాన్నా!"

"మంచిదేగా, కాళ్లనొప్పులకు కాపడం," అన్నాడు బొట్టయ్య.

"నేల ఊగుతోంది!"

"అమ్మమ్మ ఉయ్యాల ఊపుతోందమ్మా."

"పొగ ఆగిపోయింది!"

"ఈ వయసులో చుట్ట మానేసిందంటే మెచ్చుకోవాలి గానీ, ఏడుస్తావేమే?"

కోళ్లన్నీ పకపకా నవ్వాయి.

నల్లమ్మ తిన్నగా తన గొయ్యి దగ్గరకు వెళ్లి తవ్వింది. కాళ్లు బొబ్బలెక్కాయి. గుడ్డు బయటపడింది. ముక్కుతో పగలగొట్టి చూసింది. లోపల పిల్ల లేదు. తెల్లగా, గట్టిగా ఉడికిపోయి ఉంది.

దాన్ని తెచ్చి అందరి ముందూ పెట్టింది. "చూడండి! మన గుడ్లన్నీ ఇంతే అయ్యుంటాయి. ఇక్కడ కాపలా కాయడానికి ఏమీ లేదు. పోదాం రండి!"

"తవ్వావు కాబట్టే పాడైంది," అన్నాడు బొట్టయ్య. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నల్లమ్మ తన చెల్లెలు రవ్వమ్మ గుడ్డు పాతిన గొయ్యి మీదకు ఉరికింది. రెండు కాళ్లతో ఇసుక తోసింది. రవ్వమ్మ ఎగిరొచ్చి మెడమీద పొడిచింది.

"నా బిడ్డ జోలికి రాకు!"

"నీకు బిడ్డ లేదే చెల్లీ! ఒక్కసారి చూడు, ఒక్కసారి!"

రవ్వమ్మ చూడలేదు. రెక్కలు చాపి గొయ్యిని కప్పుకుని కూర్చుంది. అది చూసి మిగతా కోళ్లూ ఎవరి గొయ్యి మీద అవి కూర్చున్నాయి. పుట్టి బుద్ధెరిగి గుడ్ల మీద కూర్చోని పక్షులు, ఆ రోజు కూర్చున్నాయి. నల్లమ్మ గొంతు పోయేదాకా బతిమాలింది. చివరకు ఒక్కతే ఎగిరింది.

అది సముద్రం మీద ఉండగానే కొండ పగిలింది. సగం కొండ మబ్బుల్లోకి లేచిపోయింది. పట్టపగలే సూర్యుడు కనపడకుండా పోయాడు. మండే బూడిద నీళ్ల మీద గుర్రంలా పరిగెత్తుకొచ్చింది. రెక్కలు కమిలి నల్లమ్మ దూరాన ఒక ఇసుక తిన్నె మీద పడింది.

చాలా రోజులకు సంద్రమ్మ అటు వచ్చింది.

"మావాళ్లెవరైనా కనిపించారా అత్తా?"

"కొండ కక్కిన బోలురాళ్లు నీళ్ల మీద తేలుతూ కనిపించాయి తల్లీ. ఎంత దూరం ఈదినా అవే."

"దీవి?"

సంద్రమ్మ తల అడ్డంగా ఊపింది.

నల్లమ్మ కడుపులో మరో గుడ్డు ఉంది. తిన్నె మీద ఇసుక తవ్వింది. చల్లగా ఉంది. ఇంకో చోట తవ్వింది. అక్కడా చల్లగానే ఉంది.

నీతి: ఎంత నమ్ముకున్న చోటైనా, తేడా కనిపించిన రోజున తవ్వి చూడాలి. చూడనివ్వని నమ్మకం మనల్ని కాపాడదు.