సిలిండర్ల వెనక కూర్చున్నవాడు

“సామీ, నమ్మకం గట్టిదైతే చాలదా?” అని కుళ్లాయప్ప అడిగాడు.

ఆ మాట అడిగినవాడు ఆర్టీసీ బస్సు డ్రైవరు. అతని ఎనిమిదేళ్ల కూతురికి మూర్ఛలు వచ్చేవి. మూడు నెలలుగా రాలేదు. గురువుగారిచ్చిన విభూతి వల్లే తగ్గిందని అతని నమ్మకం. డాక్టరు రాసిన మాత్రలు రేపటి నుంచి ఆపేస్తానని చెప్పుకోవడానికే ఆ ఉదయం వచ్చాడు. గురువు సుబ్బరాయాచారి వెంటనే వద్దనలేదు. ఆయన ముఖం మాత్రం పాలిపోయింది. గురువు కాకమునుపు ఆయన పోలీసు శాఖలో తుపాకులు బాగుచేసే ఆర్మరర్. ఆ కాలంలో జరిగిన సంగతి ఒకటి చెప్పాడు. నేను పక్కనే ఉండి విన్నాను.

ఒక ఏడాది వానలకు ఫైరింగ్ మైదానంలో మార్కర్ కూర్చునే గొయ్యి కూలిపోయింది. మార్కర్ అంటే తూటా ఎక్కడ తగిలిందో కర్ర ఎత్తి చూపే మనిషి. ఆ పని తిమ్మప్ప అనే ముసలి కానిస్టేబులుది. గొయ్యి మళ్లీ తవ్వేదాకా ఆగకుండా, ఇన్‌స్పెక్టర్ దామోదర రాజు వెల్డింగ్ షాపుల వాళ్లు పారేసిన పాత గ్యాస్ సిలిండర్లు తెప్పించి, టార్గెట్ల పక్కన వరసగా నిలబెట్టించాడు. దళసరి ఉక్కువి. ముందు తానే పది తూటాలు కాల్చి చూశాడు. సొట్టలు పడ్డాయి తప్ప ఒక్కటీ లోపలికి పోలేదు. ఆ రోజు నుంచి నెల్లాళ్లు తిమ్మప్ప వాటి వెనకే స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

ఒకరోజు కొత్త తూటాల పెట్టెలు వచ్చాయి. ఆచారి అలవాటు కొద్దీ ఒక తూటా మొనకు అయస్కాంతం పెట్టి చూస్తే అతుక్కుంది. పాతవి అతుక్కునేవి కావు. ఆయన మైదానానికి పరుగెత్తేసరికి నలభై మంది రిక్రూట్లు బోర్లా పడుకుని ఆర్డర్ కోసం చూస్తున్నారు.

“సార్, ఇవాళ్టి తూటాల్లో ఉక్కు ఉంది. తిమ్మప్పను లేపండి.”

“సిలిండర్ కూడా ఉక్కే కదయ్యా. నేను కాల్చి చూశాను.”

“అవి వేరే తూటాలు సార్. పైగా ఈ సిలిండర్లు లోపల ఎంత తుప్పు పట్టాయో మనకు తెలియదు.”

అందరి ముందూ తన మాట కాదనడం రాజుకు నచ్చలేదు. అయినా అరవలేదు. తిన్నగా నడిచివెళ్లి, తిమ్మప్పను లేపి పంపేసి, మూడో సిలిండరు వెనక తానే కూర్చున్నాడు. “ఆచారీ, దీన్నే కాల్చు. ఇది ఆర్డర్” అని అక్కడి నుంచే కేకవేశాడు.

ఆచారి రైఫిలు తీసుకుని పడుకున్నాడు. నూరు గజాల దూరం. సిలిండరు మీద పెచ్చులూడిన నల్లరంగు కనబడుతోంది, దాని పక్కన ఇన్‌స్పెక్టర్ ఖాకీ మోచేయి కొంచెం కనబడుతోంది. చెమట కంట్లోకి దిగింది. రిక్రూట్లలో ఒక్కరూ కదల్లేదు. “ఏం, వినబడలేదా?” అని గొంతు మళ్లీ వచ్చింది. ఆ గొంతులో ఇసుమంతైనా వణుకు లేదు.

ఆచారి మ్యాగజీన్ ఊడదీశాడు. ఛాంబర్ ఖాళీ చేసి, రైఫిలు నేలమీద పెట్టి, నడుచుకుంటూ పోయి ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చున్నాడు.

“నా చేత కాదు సార్. ఇంకెవరి చేతనైనా కాల్పించండి. నేను ఇక్కడే ఉంటాను.”

రాజు ఆర్డర్ ఇవ్వడానికి నోరు తెరిచాడు. ఆచారి వైపు చూశాడు, ఆచారి మోకాళ్ల మీద ఆనించుకున్న చేతుల వైపు చూశాడు. చివరికి “లే” అన్నాడు. ఇద్దరూ లేచి వచ్చారు.

ఇప్పుడు అక్కడ స్టూలు ఒక్కటే మిగిలింది. రాజు తానే రైఫిలు అందుకుని ఒక్క తూటా కాల్చాడు. అందరూ వెళ్లి చూశారు. సిలిండరు ముందువైపు వేలు దూరేంత తూటు. వెనకవైపు అంతకన్నా పెద్దది. స్టూలు చెక్క నిలువునా చీలిపోయింది. తిమ్మప్ప ఒంగి ఆ చెక్క ముక్కను తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ కింద పెట్టాడు.

ఆర్డర్ ధిక్కరించినందుకు ఆ సాయంత్రం ఆచారికి మెమో అందింది. మర్నాడు పొద్దున్నే గొయ్యి తవ్వకం మొదలైంది. మొదటి పార రాజే పట్టాడు. ఆ తర్వాత ఆయన నెలరోజుల పాటు తిమ్మప్ప ఎదురుపడితే ముఖం తిప్పుకుని పోయేవాడట.

గురువుగారు అంతటితో ఆపారు. కుళ్లాయప్ప తలవంచుకున్నాడు. చొక్కా జేబులో ఉన్న మాత్రల అట్ట మీద అతని చెయ్యి పడింది.

“అంటే ఆ ఇన్‌స్పెక్టర్ నమ్మకం గట్టిది కాదంటారా సామీ?”

“గట్టిదే నాయనా” అన్నారు గురువుగారు. “నెల్లాళ్లు దాని వెనక కూర్చున్నది మాత్రం తిమ్మప్ప.”