మందారానికి పట్టిన దయ్యం

అందరూ పక్కలెక్కారా? కాళ్ళు కడుక్కోని వెధవెవడో నాకు తెలుసు, పొద్దున చెప్తా వాడి పని. వినండి మరి. అనగనగా ఏటి నడుమ ఒక లంకూరు. ఆ ఊళ్ళో బుల్లెమ్మ అని ఒక అత్తగారు, అచ్చాయమ్మ అని కోడలు, మందారం అని ఒక ఎర్రావు. పెయ్యగా ఉన్నప్పుడు తన చేత్తో గంజిపట్టి పెంచిన ఆవని, అచ్చాయమ్మ కాపరానికొస్తూ దాన్ని వెంట తోలుకొచ్చిందిట. ఊ కొట్టండర్రా, లేకపోతే నాకు మాట ముందుకు పడదు.

ఉన్నట్టుండి ఆ ఇంట్లో దండెం మీద బట్టలు మాయమవడం మొదలైంది. సోమారం మావగారి తువ్వాలు పోయె, మంగళారం దుప్పటి పోయె, బుధారం బుల్లెమ్మ రవికా పోయె! అటు చూస్తే మందారం పాలు రెండు చెంబులనుంచి చెంబుకి, చెంబునుంచి గ్లాసుకి దిగిపోయాయి. ఈని ఏడాదైనా ఎదకి రాలేదు. ఎదకి రాకపోతే చూడి కట్టదు, చూడి కట్టకపోతే దూడ లేదు, దూడ లేకపోతే పాలు లేవు.

బుల్లెమ్మ సోదెమ్మని పిలిపించింది. ఆవిడ కళ్ళు తేలేసి, ఆవుమీద దయ్యం కూచుంది, బట్టలు ఎత్తుకుపోయేదీ అదే, ఆవుని ఇల్లు దాటించండి అంది. అయితే గురువారం సంతకి తోలేద్దామంది బుల్లెమ్మ. వట్టిపోయిన ఆవుని సంతలో కొనేదెవరు? కటికవాడే కదా! అచ్చాయమ్మ గుండెల్లో రాయి పడింది. అన్నం సయించలేదు పాపం.

దయ్యాలు మిట్టమధ్యాహ్నం కూడా తిరుగుతాయి గదా. అందుకని అందరూ కునుకు తీస్తున్నప్పుడు, దాని సంగతేమిటో చూద్దామని అచ్చాయమ్మ గడ్డివామి చాటున నక్కి కూచుంది. ఆంజనేయ దండకం సగమే వచ్చు, ఆ సగమే మళ్ళీమళ్ళీ చదువుకుంటోంది. ఏం చూసిందీ? ఊ అంటేనే చెప్తా. మందారం మెడ చాచి, దండెం మీది పంచె లాగి, నమిలి మింగేసింది. మింగి, గోడసున్నం నాకింది. నాకి, కుక్క వదిలేసిన ఎముక కొరికింది!

దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. కానీ కోడలికి భయం రెట్టింపైంది. దొంగ ఆవేనని తెలిస్తే అత్తగారు గురువారం దాకా కూడా ఆగదు. రాజుగారి పశువుల డాక్టరు దగ్గరికి పరిగెట్టింది. ఏమిట్రా? రాజుల కాలంలో పశువుల డాక్టరేమిటనా? నా కథలో ఉన్నాడు, నోర్మూసుకుని విను. ఆయనేమన్నాడంటే, మీరు వేసే ఎండుగడ్డి కడుపు నింపుతుందే గానీ అందులో ఒంటికి కావల్సిన లవణాలు చాలవమ్మా, ఆ కొరతకే గోడా గుడ్డా తింటోంది అని, బూడిదరంగు పొడి ఇచ్చాడు. మీ మావయ్య దాణాలో కలుపుతాడే, మినరల్ మిక్చరు, అలాంటిదే. రోజుకో పిడికెడు తవుట్లో కలుపు, దండెం ఎత్తున కట్టు, నెల పైనే పడుతుంది అన్నాడు.

నెలా! సంత నాలుగు రోజుల్లో ఉందాయె. అచ్చాయమ్మ ఇంటికొచ్చి అబద్ధమాడేసింది. నలభై రోజులు ఆవుకి ఈ విబూది పెడితే దయ్యం పోయి ఎదకొస్తుందిట, రాకపోతే ఆవుతోపాటు నన్నూ తోలెయ్యండి అత్తయ్యా అంది. దయ్యం మాటెత్తితే బుల్లెమ్మకి హడలు, సరేనంది. దండెం ఎత్తు చేసేసరికి బట్టలు పోవడం ఆగింది. ఆ మాత్రానికే ఆవిడ విబూదికి దణ్ణాలు పెట్టింది.

కానీ ఎద మాటో? పది రోజులు, లేదు. ఇరవై రోజులు, లేదు. పాలు గ్లాసునుంచి చెంబుకెక్కాయి, ఎద మాత్రం లేదు. తెల్లారగానే కొట్టంలోకి పరిగెట్టడం, చూడ్డం, మొహం వేలాడేసుకుని రావడం. ముప్ఫైతొమ్మిదో నాడు అచ్చాయమ్మ తన చీరలు మూట కూడా కట్టేసుకుంది.

నలభయ్యోనాడు పొద్దున్నే మందారం ఒకటే అరుపు. మేత ముట్టదు, ఒకచోట నిలవదు, తాడు తెంపుకుంటోంది. దయ్యం మళ్ళీ ఎక్కిందే అని బుల్లెమ్మ గోల. అచ్చాయమ్మ వెళ్ళి చూసి, ఏడుస్తూ నవ్వేసింది. దయ్యం కాదత్తయ్యా, ఎదకొచ్చింది, ఆబోతు దగ్గరికి తోలించండి అంది. అని, నిజమంతా చెప్పి కాళ్ళమీద పడింది.

బుల్లెమ్మ తిట్టిందనుకున్నారా? లేదు. ఆ పూట పొడి తనే కలిపి, ఆవు మెడ పట్టుకుని, ఇన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నావు, నేనే నిన్ను దయ్యమన్నానే తల్లీ అని ఏడ్చిందిట.

తొమ్మిది నెలలకి చుక్కపెయ్య పుట్టింది. ఊరంతా జున్ను తిన్నారు. నోరులేనిది పాడుపని చేసిందంటే కర్ర తియ్యకండర్రా, ముందు దానికేం తక్కువైందో చూడండి. సరే, కథ కంచి దారి పట్టింది, మీరు నిద్ర దారి పట్టండి.