విత్తనపు వడ్లు

పూర్ణబోధ స్వామివారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పని ముగిసేసరికి అడిగినవాడికి తన ప్రశ్నే మరోలా కనిపించేది.

పెన్న ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమంలో విరూపాక్షయ్య పెద్ద శిష్యుడు. వయసు నలభై దాటింది. పొలం, గోశాల, వంటశాల అన్నీ ఆయన కనుసన్నల్లోనే నడిచేవి. శాస్త్రాలు చదివాడు. గురువుగారు గీసిన గీత ఎన్నడూ దాటలేదు. అయినా తన తర్వాత ఆశ్రమ భారం ఆయనదేనని స్వామివారు ఒక్కనాడూ అనలేదు. ఎదురుచూసి ఎదురుచూసి, ఒక ఉదయం విరూపాక్షయ్యే నోరు తెరిచాడు.

“స్వామీ, ఇక్కడ నా మాటకు ఎదురన్నది లేదు. పెద్దరికానికి ఇంకా నాలో ఏం తక్కువ?”

స్వామివారు ఉత్తరీయం మడతపెడుతూ అన్నారు. “గాదెలో ఉన్న విత్తనపు వడ్లు దంచి వండమని వెళ్లి చెప్పు. ఎందుకని ఒక్కరైనా అడిగేదాకా ఆ మాట వెనక్కి తీసుకోవద్దు.”

విరూపాక్షయ్య లోలోపల నవ్వుకున్నాడు. వరసగా వానలు ముఖం చాటేసిన కాలమది. చుట్టుపక్కల ఏ ఇంటా గుప్పెడు విత్తనం మిగల్లేదు. మృగశిర కార్తెలో చినుకు పడితే ఆశ్రమం ఇచ్చే వడ్లే చల్లుకోవాలని ఊళ్లన్నీ కాచుకుని ఉన్నాయి. ఇలాంటి మాట అంటే జనం నవ్విపోతారు, లేదా మీదపడి పోట్లాడతారు. ఇట్టే వెళ్లి అట్టే తిరిగి రావచ్చుననుకున్నాడు.

ముందు గాదె చూసే ఓబుళయ్యకు చెప్పాడు. ఓబుళయ్య ముఖం తెల్లబోయింది. ఒక్క క్షణం నిలబడి, మారు మాట్లాడకుండా తాళం తీశాడు. తర్వాత వంటశాల పెద్ద సుంకులమ్మకు చెప్పాడు. ఆమె గాదె వైపు చూసింది, ఆయన వైపు చూసింది. “అట్లే అయ్యా” అని రోళ్లు కడిగించింది.

కాసేపు ఆలోచించుకుని వాళ్లే వస్తారులే అని విరూపాక్షయ్య వసారాలో నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. రోకటి పోట్లు మొదలయ్యాయి. దంపుళ్ల వేళ ఎప్పుడూ వినిపించే పాట మాత్రం లేదు. చెరుగుతున్న ముసలామె ఒకతె మధ్యమధ్య కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

ఆయన ఉండబట్టలేక రోళ్ల దగ్గరికి వెళ్లాడు. “ఏమైనా అడగాలా?”

“లేదయ్యా.”

“మనసులో ఏ అనుమానమూ లేదా?”

“తమరు చెప్పినాక ఇంకేముందయ్యా” అంది సుంకులమ్మ, తల ఎత్తకుండానే.

గంపల మీద గంపలు ఖాళీ అవుతున్నాయి. గాదెలో మట్టం తగ్గిపోతోంది. ఇన్నేళ్లుగా తనకు గర్వకారణమైన ఆ నిశ్శబ్దమే ఇప్పుడు కళ్లముందు ఊళ్ల నోటి ముద్దను నలగగొడుతోంది. గురువుగారి ఆజ్ఞ ఉంది కనుక ఆపడానికి లేదు. చూస్తూ ఊరుకోవడానికీ లేదు. ఇంకో గంప రోట్లో ఒంపబోతుంటే ఆయన ఒక్క ఉదుటున వెళ్లి రోకలి పట్టుకున్నాడు.

“ఆపండి! ఇది విత్తనం! మీకు తెలియదా?”

“తెలుసయ్యా.”

“తెలిసీ నోరు మెదపరేం?”

సుంకులమ్మ చేతుల పొట్టు దులుపుకుంది. “క్రితం ఏడు కందిపప్పు పుచ్చిందని చెప్పినాను. ‘నాకు తెలియదా’ అన్నారు. అప్పటినుంచి మీకు అన్నీ తెలుసుననే అనుకుంటున్నాం.”

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. నిజంగానే అలా అనుకుంటోంది. విరూపాక్షయ్య వెళ్లి గాదెలోకి తొంగిచూశాడు. దంచినది పోగా మిగిలిన విత్తనం ఊళ్లలో సగానికైనా సరిపోతుందో లేదో.

ఒంటినిండా పొట్టుతోనే ఆయన స్వామివారి దగ్గరికి పరుగెత్తాడు. “ఆజ్ఞ మీరాను స్వామీ. ఎవరూ అడగకముందే ఆపేశాను. నేను ఆపకపోయి ఉంటే?”

“వండేవాళ్లు, తినేవాళ్లం” అన్నారు స్వామివారు. “ఊళ్లు బీడుపడేవి.”

అంత మాట అంత నెమ్మదిగా అనేసరికి విరూపాక్షయ్య గొంతు పెంచాడు. “ఇంతమంది ఉన్నారు స్వామీ! నాశనమని తెలిసీ చేశారు. ఎందుకని అడిగినవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేకపోయారే!”

స్వామివారు ఆయన ముఖంలోకి చూశారు.

“ఆ లెక్కలో నిన్ను నువ్వు కలుపుకున్నావా, నాయనా?”