రెప్ప వేయని డాక్టరు

కేదార్ కళ్ళల్లో ఎవరో ఇసుక పోసినట్టుండేది.

కర్నూలులో ఒక కంటి ఆసుపత్రిలో అతను పీజీ చదువుతున్నాడు. పొద్దున ఓపీలో కంప్యూటరు, మధ్యాహ్నం ఫోనులో పాఠాలు, సాయంత్రం మళ్ళీ కంప్యూటరు. తోటి పీజీలదీ అదే వరస. అందరి జేబుల్లోనూ కంటి చుక్కల సీసాలే. తనది అయిపోతే పక్కవాడిది అడిగేవాళ్ళు. ఒకరి చుక్కలు ఒకరు వాడకూడదని రోగులకు గట్టిగా చెప్పేదీ వీళ్ళే.

కేదార్ దిగులు వేరు. సోమవారం అతను మొదటిసారి శుక్లం ఆపరేషన్ చేయాలి. మైక్రోస్కోపులో చూస్తుంటే కళ్ళు మండిపోయి, చూపు మసకబారుతోంది. సంగతి బయటపడితే ఆపరేషన్ ఇంకొకరికి పోతుంది. దాచిపెడదామంటే అవతల ఒక మనిషి కన్ను. ఎటూ తేల్చుకోలేక చివరికి గురువు దగ్గరికే వెళ్ళాడు.

మెహరున్నీసా మేడమ్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కన్నీరు ఎంత ఊరుతోందో తెలియడానికి అతని కింది రెప్పల్లో కాగితపు పట్టీలు పెట్టి, కాసేపాగి తీసి చూసింది. అంచులు మాత్రమే తడిశాయి.

"చదివేటప్పుడు రెప్ప వేస్తావా?"

"తెర ముందు కూర్చుంటే లోకం గుర్తుండదు మేడమ్. రెప్ప కూడా వేయననుకుంటా," అన్నాడు కేదార్. గొంతులో కొంచెం గొప్ప లేకపోలేదు.

"చుక్కలు మానకు. వేడి గుడ్డతో కాపడం పెట్టుకో."

"మరి సోమవారం..."

"రేపు ఓపీకి రా."

మర్నాడు వెళ్ళేసరికి కంప్యూటరు ముందు, అతని కుర్చీలో మేడమ్ కూర్చుని ఉంది.

"నువ్వు రోగితో మాట్లాడు. నేను టైపు చేస్తా," అంది.

మేడమ్ టైపు చేయడం అతను ఎప్పుడూ చూడలేదు. ఒక్క వేలితో, ఒక్కో అక్షరాన్నీ వెతికి పట్టుకుని మరీ కొడుతోంది.

ఓబులమ్మ అనే ముసలామె వచ్చి కూర్చుంది. నెలనెలా వచ్చే మనిషే. కంట్లో ఒత్తిడి ఎంతకీ తగ్గడం లేదు. ఇవాళా తగ్గలేదు.

"ఈ మందు పనిచేయట్లేదు మేడమ్. ఇంకా గట్టిది రాయండి," అన్నాడు కేదార్.

"ఆగవయ్యా. ఇంకా ఆమె పేరు దగ్గరే ఉన్నాను."

చేసేదేమీ లేక కేదార్ ఓబులమ్మ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఒళ్ళో పెట్టుకున్న ఆమె చేతులు సన్నగా వణుకుతున్నాయి.

"అవ్వా, చుక్కలు ఎవరు వేస్తారు నీకు?"

"నేనే నాయనా. ఇంకెవురుండారు?"

"ఒకసారి వేసుకో, చూస్తాను."

ఆమె తల పైకెత్తి సీసా వంచింది. ఒక చుక్క చెంప మీద పడింది. ఇంకోటి ముక్కు మీద.

"ఇంతే నాయనా! సగం చెంపకి, సగం ముక్కుకి. కంట్లో పడిన పొద్దు నాకు పండగే!" అంటూ పకపకా నవ్వింది.

కేదార్‌కి నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఆమెని బల్ల మీద పడుకోబెట్టి, సీసా పట్టుకున్న చేతిని నుదుటికి ఆనించుకోమన్నాడు. ఈసారి చుక్క సరిగ్గా కంట్లో పడింది.

"పడె! సల్లగుంది నాయనా!" ఆమె లేచి కూర్చుని అతణ్ణి తేరిపార చూసింది. "ఇన్ని తూర్లు వస్తి గానీ, నీ మొగం ఈ పొద్దే చూస్తి. చిన్న పిల్లోనివే!"

కేదార్ కుర్చీ ఆమెకు దగ్గరగా జరుపుకున్నాడు. మందు మార్చమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఆమె చేత ఇంకోసారి చుక్క వేయించి, మెట్ల దాకా వెళ్ళి దింపి వచ్చాడు.

ఆ పూట ఓపీ చాలా ఆలస్యంగా ముగిసింది. చివరి రోగి వెళ్ళాక అతనికి హఠాత్తుగా గుర్తొచ్చింది.

"మేడమ్, పొద్దుట్నుంచీ తెర వైపే చూడలేదు. కళ్ళూ మండలేదు."

"సోమవారం పొద్దున మళ్ళీ పరీక్ష చేస్తా. బాగుంటే ఆపరేషన్ నీదే."

"ఈలోగా మళ్ళీ మండితే?"

మేడమ్ వేలు కీబోర్డు మీద ఏదో అక్షరం కోసం వెతుకుతోంది. తల తిప్పకుండానే అంది:

"వచ్చెయ్. ఇంకో మనిషిని చూపిస్తా."