చావింట అనకూడని మాట

శేషాంబగారికి ఉపన్యాసాలంటే గిట్టదు. శిష్యుడెవడైనా ప్రశ్న అడిగితే లేచి చెప్పులు తొడుక్కుంటారు. వెనకాల నడిచినవాడికి జవాబు దొరుకుతుంది, చాప మీద కూర్చున్నవాడికి చాపే మిగులుతుంది.

ఆ రోజు అడిగినవాడు గౌరీపతి. పొలాలకి పారే గెడ్డ నీటి వంతు కోసం కొట్టుకుంటున్న రెండు వీధుల పిల్లలనూ సాయంత్రం బడిలో కలిపి కూర్చోబెట్టి శాంతి పాఠాలు చెబుతున్నాడు. పెద్దల చేత సభ కూడా పెట్టించాడు. ఆ సభల సంగతి నన్నడగండి: షామియానా, మైకు, ఒకరి మొహం ఒకరు చూడని రెండు వరసల కుర్చీలు, ఆఖరున శాలువాలు. ఆ శాలువాల మడత విప్పకముందే తూము దగ్గర దిగువ వీధి నారాయుడు పార దెబ్బకి చచ్చిపోయాడు. కొట్టినవాడు ఎగువ వీధి సూరీడమ్మ కొడుకు, జైల్లో ఉన్నాడు. పెద్దకర్మ వెళ్ళాక ఆ ఇంటి సంగతి చూస్తానని నారాయుడి తమ్ముడు సింహాద్రి గొడ్డలి నూరి చూరులో దోపాడు.

"పిల్లలు పాఠం తప్పు లేకుండా అప్పజెబుతున్నారమ్మా. మరి పగ ఎందుకు పోవడం లేదు?" అన్నాడు గౌరీపతి.

నారాయుడి తల్లి పైడమ్మని పలకరించావా అని శేషాంబగారు అడిగారు. వెళితే దిగువ వీధి పక్షమంటారని ఆగిపోయానన్నాడు. ఎగువ వీధి నుంచి ఎవరైనా వెళ్ళారా అంటే, అదీ లేదన్నాడు. పెళ్ళికి పిలుపు కావాలి గాని చావుకి అక్కర్లేదని ఎరగని ఊరు కాదది. ఆవిడ చెప్పులు తొడుక్కున్నారు, గౌరీపతి వెనకాల నడిచాడు.

ముందు సూరీడమ్మ గుమ్మంలో ఆగారు. పైడమ్మ ఇంటికి ఏ మొహం పెట్టుకుని రమ్మంటారని సూరీడమ్మ ఏడ్చింది.

"ఉన్న మొహమే కడుక్కుని రా," అన్నారు శేషాంబగారు.

దిగువ వీధిలో ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. సూరీడమ్మ ఆవిడ చెంగు పట్టుకుని నడిచింది. పైడమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. వీళ్ళని చూసి సింహాద్రి లేచాడు. చెయ్యి చూరు మీదికి పోయింది. తల్లి కళ్ళతోనే కూర్చోబెట్టింది.

ఒకే మడిలో ఊడ్పులు ఊడ్చిన ఆడవాళ్ళు వాళ్ళు, ఒకరి పిల్లలకొకరు ముద్దలు పెట్టినవాళ్ళు. పైడమ్మ తిట్టడం మొదలెట్టింది. ఊరి పెద్దల్ని, గెడ్డని, దేవుణ్ణి, సూరీడమ్మ కడుపుని తిట్టింది. సూరీడమ్మ తలొంచుకుని అన్నీ పుచ్చుకుంది. తిట్లు కూడా అయిపోయాక ఆ ఇంట్లో ఇంకేమీ మిగల్లేదు.

"ఆడికి కూడెడతన్నారేటి ఆ జైల్లో?" అని అడిగింది పైడమ్మ.

సూరీడమ్మ తలూపింది. ఎవరి ఏడుపు వాళ్ళు ఏడ్చారు.

పొరపాటు లేచేటప్పుడు జరిగింది. పలకరింపుకి వెళ్ళినవాళ్ళు చెప్పకుండా లేచిపోవాలి. చావింట 'వెళ్ళొస్తా' అంటే మరో చావుని పిలిచినట్టు. చెప్పి వెళ్ళడం అలవాటైన ఊడ్పుల నాటి నోటికి అది గుర్తులేదు. గుమ్మం దిగుతూ సూరీడమ్మ, "ఎల్లొస్తానొదినా," అనేసింది.

అనేసి, కొంగు నోట్లో కుక్కుకుంది. గౌరీపతి కళ్ళు మూసుకున్నాడు. ఇంకెవుల్ని తినడానికొస్తావని సింహాద్రి మళ్ళీ లేచాడు.

పైడమ్మ కొడుకు వైపు చూడలేదు.

"రావే ఒదినా," అంది. "ఇంకెవులొస్తారు నాకు."

సూరీడమ్మని ఇంటి దగ్గర దింపి వస్తుంటే గౌరీపతి గొణిగాడు. గొడ్డలి చూరులోనే ఉందనీ, పెద్దకర్మ దగ్గర పడుతోందనీ అన్నాడు. రేపు బడిలో ఏ పాఠం చెప్పమంటారని అడిగాడు.

శేషాంబగారు వెనక్కి తిరిగి దిగువ వీధి వైపు చూశారు.

"మళ్ళీ వస్తానందిగా ఆవిడ," అన్నారు. "ఒంటరిగా ఆ వీధి ఎలా దాటుతుంది?"