ఒట్టిచేత్తో పిలవని పిల్ల

అనగనగా ఒక ఊళ్ళో, తెల్లారితే చాలు ఇంటింటా మగ్గాలు టకటకలాడే ఊళ్ళో, చౌడేశ్వరి అని నీ ఈడు పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న వీరభద్రయ్య చీరలు నేసేవాడు. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దించుకుని నేసే మగ్గం వాళ్ళది. నీ కాళ్ళు మాత్రం దుప్పట్లో పెట్టుకో, చెప్తా.

ఆ పిల్లకి మేనమామ ఒక తెల్ల కుందేలుని తెచ్చిచ్చాడు. దానికి దూది అని పేరు పెట్టుకుంది. ఎత్తుకుందామని పోతే అది పారిపోయేది. పోదూ మరి! కుందేలంటే బొమ్మా, పట్టుకుని నొక్కడానికి?

అప్పుడు వాళ్ళమ్మ అంది, "దాని వెంట పడకే. ఒకచోట కూర్చుని చప్పుడు చెయ్యి. వస్తే ఏదన్నా పెట్టు. అదే నేర్చుకుంటుంది."

సరేనని చౌడేశ్వరి చెక్కముక్కతో నేల మీద టక్ టక్‌మని కొట్టేది. దూది వస్తే కొత్తిమీర రెబ్బ పెట్టేది. ముందు దూరం నుంచి మెడ చాచింది. ఆ తర్వాత రెబ్బ లాక్కుని పారిపోయింది. ఆ తర్వాత ఒళ్ళోనే కూర్చుని తింది. ముక్కు ఆడిస్తూ అది తింటుంటే ఆ పిల్ల సంతోషం అంతా ఇంతా కాదు.

బాగానే ఉంది కదా? ఎక్కడ! కొన్నాళ్ళకి దూది మగ్గం గుంటలో దూరడం మొదలుపెట్టింది. దూరి ఊరుకుంటే బాగుండును, మగ్గానికి బిగించిన దారాలు కొరికేది. తెగిన పోగులన్నీ ఏరి ముడెయ్యాలంటే వీరభద్రయ్యకి పూటంతా పట్టేది. చీర పాడైపోతుందేమోనని ఆయన బెంగ ఆయనది. ఒకసారి కసిరాడు. ఇంకోసారి బుట్ట కింద మూసిపెట్టాడు. ఆ తర్వాత ఈ మాట అనేశాడు.

"ఈ చీర అయ్యేలోగా అది దారాలు కొరకడం మానిందా, సరే. లేదా, సంతలో ఎవరికైనా ఇచ్చేస్తా."

చౌడేశ్వరి గుండెల్లో రాయి పడింది. వసారాలో కూర్చుని టక్ టక్‌మని కొట్టింది. దూది ఆ పిల్ల పక్కనుంచే పరుగెత్తి తిన్నగా గుంటలో దూకింది. పాపం, ఎంత ఏడుపొచ్చిందో.

అప్పుడు కళ్ళు తుడుచుకుని మగ్గం పక్కన కూర్చుంది. నాన్న నేస్తున్నంతసేపూ మగ్గం టక్ టక్‌మంటోంది. ఆ చప్పుడుకి దూది వచ్చి, మూతి ఎత్తి, కొత్తిమీర కోసం వెతుక్కుంటోంది. ఎంత వెతికినా లేదు. నోటికి అందేవి దారాలే, అవే కొరుకుతోంది.

"నాన్నా, పొద్దస్తమానం నీ మగ్గం దాన్ని రమ్మంటోంది. వస్తే ఏమీ పెట్టట్లేదు."

వీరభద్రయ్య చెయ్యి ఆగిపోయింది. పుట్టినప్పట్నుంచీ వింటున్న మోత కదమ్మా, అదొక చప్పుడని ఆ ఇంట్లో ఎవరికీ తట్టనే లేదు.

ఇక కొత్త చప్పుడు కావాలి. గజ్జె ఆడిస్తే దూది హడలిపోయి మంచం కింద దూరింది. ఈల వేద్దామంటే వీధిలో పోయేవాళ్ళంతా ఈలలే. ఆ తర్వాత నాలుక అంగిట్లో ఆనించి 'క్లొక్' అంది. ఆ ఇంట్లో అలాంటి చప్పుడు ఇంకెవరూ చెయ్యరు. ఏదీ, నువ్వు చెయ్యి? చాల్లే, ఇక పడుకుని విను.

'క్లొక్' అంటే కొత్తిమీర. అన్నప్పుడల్లా పెట్టేది. ఆటకైనా ఊరికే అనేది కాదు. దూది మెల్లమెల్లగా మగ్గం మోత పట్టించుకోవడం మానేసింది.

చీర చివరికొచ్చింది. ఆ రోజు ఏం బుద్ధి పుట్టిందో, దూది మళ్ళీ గుంటలో దూరింది. చౌడేశ్వరి పరుగున వచ్చి, దాని మూతికీ దారాలకీ మధ్య అరచెయ్యి అడ్డం పెట్టింది.

"పిలువు, వస్తుందేమో చూద్దాం," అన్నాడు వీరభద్రయ్య.

"చేతిలో కొత్తిమీర లేదు నాన్నా."

"ఈ ఒక్కసారికి పిలువే. తర్వాత పెడుదువుగాని."

ఆ పిల్ల దూది వంక చూసింది. పిలవకపోతే దూది సంతకి పోతుందేమో. అయినా తల అడ్డంగా ఊపింది.

"ఒట్టిచేత్తో పిలిస్తే నా చప్పుడూ నీ మగ్గం చప్పుడే అయిపోతుంది నాన్నా. ఇంకెప్పుడూ నమ్మదు."

వీరభద్రయ్య మగ్గం ఆపేశాడు. ఆ తర్వాత గుంటలోంచి కాళ్ళు పైకి తీసుకున్నాడు. పని మధ్యలో మంచినీళ్ళకి కూడా లేవని మనిషి, లేచి పెరట్లోకి వెళ్ళాడు. కొత్తిమీర రెబ్బ తుంచుకొచ్చి కూతురి చేతిలో పెట్టాడు. ఆ తండ్రిని తలుచుకుంటే నాకెంత ఇష్టమో!

"ఇప్పుడు పిలువమ్మా," అన్నాడు.

'క్లొక్.'

దూది గెంతుకుంటూ వచ్చేసింది. సంత ఊసు ఆయన మళ్ళీ ఎత్తలేదు.

కొత్తిమీర పొట్టలోకి,
కుందేలేమో బుట్టలోకి,
కథేమో కంచి బాటలోకి,
నా తల్లేమో నిద్దట్లోకి.